గిటారు తంత్రులకు కంపనము నేర్పిన పాల్ బిగ్స్‌బీ చరిత్రము

వీణపై రాగమాలపించువాడు మెట్టుమీద వ్రేలు నిలిపి తంత్రిని ప్రక్కకు లాగును. లాగినంత మేర స్వరము పైకి పోవును. విడిచినంతనే తన చోటికి దిగివచ్చును. ఈ రాకపోకలనే పెద్దలు గమకమనిరి. గమకము లేని వీణ ఉప్పు లేని పప్పువంటిదని ఎరుగని శ్రోత పల్లెలయందు సైతము అరుదు. గోటువాద్యము వాయించువాడు తంత్రిపై కొయ్యముక్కను జార్చి ఆ పని చేయును. వయొలిను వాయించువాడు వ్రేలి కొనను ఊపి చేయును. దేశమేదైనను, వాద్యమేదైనను, కదలని స్వరముతో మానవుని చెవి చాలకాలము తృప్తిపడి యుండదు.

పాశ్చాత్యుల గిటారునకు ఈ విషయమున ఒక చిక్కు కలదు. దానికి ఆరు తంత్రులు. వాయించువాడు ఒక్కొక్క తంత్రినే మీటుటతో సరిపుచ్చక, తరచుగా మూడు నాలుగింటిని, ఒక్కొక్కప్పుడు ఆరింటిని ఒకేమారు మీటును. ఒక తంత్రిని వ్రేలితో ఊపవచ్చును. ఆరు తంత్రులనుండి లేచిన స్వరసమూహమునంతటిని ఒక్క పెట్టున ఊపుట వ్రేళ్ళకు అలవి కాదు. కావున కుడిచేతి క్రింద ఒక పిడిని అమర్చి, దానిని నొక్కినప్పుడు ఆరు తంత్రులును కలిసి సడలునట్లును, విడిచినప్పుడు మరల బిగియునట్లును చేయవలెనను తలంపు పుట్టెను. సడలించుట సులభమే. కష్టమంతయు వాటిని తిరిగి యథాస్థానమునకు తెచ్చుటయందే కలదు. ఖజానానుండి తీసిన పైకము కాని పైసలతో సహా తిరిగి జమకానినాడు ఆ లెక్క ఎట్టిదో, సడలించిన శ్రుతి వెండ్రుకవాసి తేడా లేకుండ తిరిగి కుదరనినాడు ఆ యంత్రము అట్టిది. ఈ చిక్కును చాలవరకు తీర్చి, తన పేరే ఆ యంత్రమునకు పేరగునట్లు చేసికొన్నవాడు పాల్ అడెల్బర్ట్ బిగ్స్‌బీ.

బిగ్స్‌బీ 1899వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జన్మించెను. ఆయన జీవితములో ప్రధాన భాగము కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఏంజలస్ నగర ప్రాంతమున గడచెను. ఆయన సంగీత విద్వాంసుడుగా పేరొందినవాడు కాడు. వాద్యములు చేయు వంశమునకు చెందినవాడును కాడు. యౌవనమున ఆయనకు మోటారు సైకిళ్ళ పిచ్చి యుండెను. పందెములలో పాల్గొని ఆ ప్రాంతమున పేరు తెచ్చుకొనెను. తరువాత ఆల్బర్ట్ క్రాకర్ అనువాడు లాస్ ఏంజలసులో మోటారు సైకిళ్ళు చేయు కార్ఖానా నడపుచుండగా, అందులో చేరి ఫోర్మనుగను, పోత మూసలు చేయువాడుగను పనిచేసెను. 1936 నుండి ఆ కార్ఖానా చేసిన రెండు సిలిండర్ల మోటారు సైకిళ్ళు సంఖ్యకు స్వల్పములేయైనను, వేగమునకును పనితనమునకును ప్రసిద్ధికెక్కినవి. నేడు వాటిని సేకరించువారు గొప్ప వెలలిచ్చి కొనుచున్నారు.

మూసలు చేయు పనియెట్టిదో కొంచెము చెప్పుట అవసరము. లోహమును కరిగించి పోయుటకు ముందు, ఆ వస్తువును కొయ్యతో అచ్చముగ చెక్కి, దానిని ఇసుకలో అదిమి గుంట చేయుదురు. కరిగిన లోహము చల్లారునప్పుడు కొంత కుంచించుకొనును. కావున మూసను చేయువాడు ఎంత కుంచించునో ముందే లెక్కగట్టి, దానికి తగినంత పెద్దదిగా చెక్కవలయును. ఇతనియందు వడ్రంగి చేయియు, కమ్మరి బుద్ధియు, గణకుని కన్నును కలిసియుండవలెను. బిగ్స్‌బీకి ఈ మూడును ఉండెను. ఆయన తదుపరి కీర్తికి మూలధనమిదియే. మోటారు సైకిలుకు, గిటారుకు ఏమి సంబంధమని అడుగువారు కలరు. లోహమును, కొయ్యను ఒకే చేతితో లొంగదీయగలవాడు వాద్యములు చేయు అంగళ్ళలో ఆ దినములలో అరుదు. సంబంధమంతయు అక్కడనే కలదు.

1940 ప్రాంతముల తరువాతి సంవత్సరములలో బిగ్స్‌బీకి మెర్ల్ ట్రావిస్‌తో స్నేహము కలిగెను. ట్రావిస్ 1917లో కెంటకీ రాష్ట్రమున బొగ్గుగనుల సీమలో పుట్టినవాడు, గనికూలి కుమారుడు. ఆ సీమలో గిటారును బొటనవ్రేలితో మంద్ర తంత్రులను, చూపుడువ్రేలితో తార తంత్రులను ఒకేమారు మీటి, ఒక్కడే ఇద్దరు వాయించినట్లు వినిపించు పద్ధతి యుండెను. ట్రావిస్ దానిని పరాకాష్ఠకు తెచ్చెను. గనికూలీల అప్పుల బ్రతుకుపై ఆయన 1946లో పాడిన పాటయొకటి, 1955లో వేరొక గాయకుని నోట దేశమంతట మారుమ్రోగినది. కాలిఫోర్నియాలో ఆయన రేడియోలో పాడుచు వాయించుచుండెను. ఆయనకును మోటారు సైకిళ్ళయందు మక్కువ మెండు. అందుచేత వారిద్దరికిని మైత్రి కుదిరెను.

ట్రావిస్ యొద్ద గిబ్సన్ కంపెనీవారి గిటారు ఒకటి కలదు. దానికి వైబ్రోలా అను కంపన సాధనము అమర్చబడియుండెను. దీనిని కల్పించినవాడు క్లేటన్ కాఫ్‌మన్. అతడు సామాన్యుడు కాడు. ఈ మార్గమున మొదట నడచినవారిలో ఒకడు. 1930 ప్రాంతముననే దీనిని ఊహించి, తరువాత పేటెంటు పొందెను. అందు పిడిని గిటారు పలకకు సమాంతరముగ ప్రక్కలకు కదపవలెను. ఊహ మంచిదే కాని, పిడిని కదపిన పిదప తంత్రులు తమ పూర్వపు బిగువునకు నమ్మకముగ వచ్చెడివి కావు. రేడియోలో పాట నడుమ శ్రుతి చెడినచో విద్వాంసుని బాధ చెప్పనలవికాదు. ట్రావిస్ ఆ సాధనమును బిగ్స్‌బీ చేతికిచ్చి బాగుచేయుమని కోరెను. బిగ్స్‌బీ బాగుచేయబూనెను, ఫలితము తృప్తికరముగ లేకపోయెను. అంతట పాతదానిని ప్రక్కన పెట్టి, మొదటినుండి క్రొత్తదానినొకటి తానే చేసెను. పగిలిన కుండకు అతుకు వేయుట మాని సారె యొద్దకు పోయినట్లయినది.

ఆయన చేసిన పనిముట్టు చూచుటకు సులభముగనే యుండును. అల్యూమినియముతో పోసిన గట్టి చట్రము. దానికి అడ్డముగ ఒక గుండ్రని ఇరుసు. ఇరుసుపై వరుసగా ఆరు చిన్న ముళ్ళు. గిటారు తంత్రి కొసలయందు చిన్న లోహపు పూసయుండును. ఆ పూసను ముల్లునకు తగిలించి, తంత్రిని ఇరుసుమీదుగ త్రిప్పి, గుఱ్ఱముపై నడిపి, మెడ చివరనున్న బిరడలకు బిగింతురు. ఇరుసు ఒక కొననుండి పిడి బయలుదేరి వాయించువాని కుడిచేతి క్రిందికి వచ్చును. పిడి మొదట, చట్రమునకు నడుమ, ఒక పొట్టి స్ప్రింగు నిలిచియుండును. తంత్రులు ఇరుసును ఒకవైపు లాగుచుండ, స్ప్రింగు ఎదురువైపు నెట్టుచుండును. ఆరు ఉక్కు తంత్రుల మొత్తపు బిగువు సన్నని తంత్రులకే సుమారు నూరు పౌనులు. లావు తంత్రులకు ఇంకను హెచ్చు. ఈ బరువునకు స్ప్రింగు సరితూగి నిలుచును. పిడిని నొక్కిన స్ప్రింగు అణగును, ఇరుసు తిరుగును, తంత్రులు సడలును, స్వరము దిగును. విడిచిన స్ప్రింగు లేచును, త్రాసు మరల సమమగును. పిడిని కొంచెము పైకి ఎత్తినచో స్వరము కొంత ఎక్కును.

ఇందలి రహస్యమంతయు ఇరుసు తిరుగుటయందున్నది. కాఫ్‌మన్ సాధనమున భాగము పక్కకు జరుగును. బిగ్స్‌బీ సాధనమున ఇరుసు తన చోటనే తిరుగును. చక్రము ఇరుసుపై తిరుగుట చాలకాలము చూచిన మోటారు సైకిలు పనివాడు గనుక ఆయనకు అది సహజముగ తోచియుండును. వీణకును దీనికిని గల భేదమొకటి గమనింపదగినది: వైణికుడు లాగి స్వరమును హెచ్చించును; ఈ పిడి ముఖ్యముగ సడలించి తగ్గించును. దిగిన స్వరము తిరిగి ఎక్కివచ్చునపుడు కలుగు నిట్టూర్పువంటి ధ్వనియే దీని అందము. అది గంభీరమైన పెద్ద ఊగు కాదు, మెల్లని తూగు. దీనితో స్వరమును పాతాళమునకు దింప జూచువారు నిరాశపడుదురు.

ఇంతలో ట్రావిస్ మనస్సున మరియొక కోరిక యుండెను. విద్యుత్ గిటారు పనిచేయు తీరు ఇట్టిది: ఉక్కుతంత్రి క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్టను ఉంతురు. తంత్రి కదలినపుడు తీగలో అల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెంచి లౌడుస్పీకరునకు పంపును. అయితే నాటి గిటార్లు డొల్లబుర్రవి. స్పీకరునుండి వచ్చు ధ్వనికి గిటారు పలకయే అదరి, ఆ అదురు మరల స్పీకరునకు పోయి, భరింపరాని కూత పుట్టెడిది. మీటిన స్వరము త్వరగా అణగెడిది. ఒళ్ళో పెట్టుకొని ఉక్కుకడ్డీ జార్చి వాయించు హవాయి గిటార్లు గట్టి దేహము గలవి; వాటి స్వరము చాలసేపు నిలిచెడిది. సామాన్య గిటారునకు సైతము అట్టి ఘనదేహము ఏల యుండరాదని ట్రావిస్ తలచెను. ఆరు బిరడలును మెడ చివర ఒకే ప్రక్కనుండుట తంత్రులు మార్చుటకు అనుకూలమని కూడ ఆయనకు తోచెను. బొమ్మ గీచి బిగ్స్‌బీకిచ్చి, ఇట్టిది చేయగలవా యని అడిగెను. బిగ్స్‌బీ ఏ పనికిని కాదనువాడు కాడు. 1948వ సంవత్సరము మే నెలలో ఆ గిటారు సిద్ధమయ్యెను. మచ్చల మేపుల్ కొయ్యతో చేసిన పలుచని దేహము, ఆ దేహము గుండ నడచిన మెడకొయ్య, ఒకే వరుసను ఆరు బిరడలు. నేటి పిల్లవాడెవడైనను దానిని చూచిన అది డెబ్బది ఏండ్లు దాటినదని నమ్మడు.

ఘనదేహ గిటారునకు ఇదియే ప్రథమమని పలుకుట సరికాదు. 1932 ప్రాంతముననే రికెన్‌బాకర్ కంపెనీ అల్యూమినియముతో పోసిన హవాయి గిటారును అమ్మెను. లెస్ పాల్ అను విద్వాంసుడు 1940 ప్రాంతమున కొయ్యదిమ్మెకు తంత్రులు కట్టి వాయించెను. అయితే ఆకారమునందును, పనితనమునందును నేడు లోకమున వాడుకలోనున్న ఘనదేహ గిటారునకు పెద్దన్నవలె కనిపించునది ట్రావిస్ గిటారే.

ఇక్కడనే ఒక వ్యాజ్యము బయలుదేరినది. న్యాయస్థానమున కాదు, జనుల నోళ్ళలో. బిగ్స్‌బీ కార్ఖానా యున్న డౌనీ పట్టణమునకు కొద్ది మైళ్ళ దూరమున ఫులర్టన్‌లో లియో ఫెండర్ అనువాడు రేడియోలు బాగుచేయుచు, గిటార్లును యాంప్లిఫయర్లును చేయుచుండెను. పైన చెప్పిన కాఫ్‌మన్ 1945లో కొంతకాలము అతనికి భాగస్వామి. ఫెండర్ 1950లో ఘనదేహ గిటారును బజారునకు తెచ్చెను. దానికిని ఆరు బిరడలు ఒకే ప్రక్కన యుండెను. తన గిటారును ఫెండర్ ఎరువు పుచ్చుకొని చూచి చేసెనని ట్రావిస్ తరువాత చెప్పెను. ఫెండర్ అంగీకరింపలేదు; క్రోయేషియా దేశపు వాద్యములను చూచి బిరడల వరుసను గ్రహించితినని అతని వాదము. వియన్నా నగరపు స్టౌఫర్ పందొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే గిటారునకు బిరడలను ఒకే ప్రక్క పెట్టెననియు, అతని శిష్యుడు మార్టిన్ 1830లలో అమెరికాలో అట్టివే చేసెననియు కూడ చెప్పవలెను. కాబట్టి బిరడల వరుస ఎవరి సొత్తో తేల్చుట పాత పొలముగట్ల తగవువంటిది, సాక్షులందరును గతించిరి. అయినను ఒకే ప్రాంతమున, ఒకే సంగీతకారుల నడుమ, రెండేండ్ల తేడాలో ఈ రెండును పుట్టినవి. ఫెండర్ బిగ్స్‌బీ పనిని ఎరుగడనుట నమ్మశక్యము కాదు.

ఇరువురి పద్ధతులు మాత్రము ఉత్తర దక్షిణములు. ఫెండర్ మెడకొయ్యను వేరుగ, దేహమును వేరుగ చేయించి నాలుగు మరమేకులతో బిగింపించెను. పనివారు ఒక్కొక్క భాగము చేయుచుండ గిటార్లు గుంపులుగ వెడలినవి. బిగ్స్‌బీ ఒక్కొక్క వాద్యమును ఒక్కొక్కరి కొరకు చేసెను. కొయ్య కోయుట, మెట్లు దిగగొట్టుట, అయస్కాంతమునకు రాగితీగ చుట్టుట, దాని మూతను పోతపోయుట, గుఱ్ఱమును చేయుట, అన్నియు ఆయన చేతి మీదనే జరిగెను. యజమాని పేరు గిటారుపై కొయ్యతో పొదిగెడివాడు. గ్రేడీ మార్టిన్‌కు రెండు మెడల గిటారును, టైనీ మూర్‌కు అయిదు తంత్రుల మాండలినును 1952లో చేసియిచ్చెను. కోరినవారు చాలకాలము కాచుకొని యుండవలసివచ్చెడిది. ధనము సంపాదించు మార్గమిది కాదని ఖాతాపుస్తకము తెరచినవాడెవడైనను చెప్పును. చేసిన గిటార్లు స్వల్పము. చేయవలసినవారి పట్టీ దీర్ఘము. కార్ఖానా పెట్టి వందలు చేయించియుండినచో నేడు బడిపిల్లలు సైతము ఎరిగిన గిటారు పేరు ఆయనదే కావచ్చును. కాని ఆ గిటార్లు ఆయన చేతి గిటార్లుగ నుండెడివి కావు.

ఆయన చేసిన మరియొక ఘనకార్యమును విడువరాదు. పైన చెప్పిన హవాయి గిటారునకు కాళ్ళు అమర్చి, క్రింద పాదపీఠములు పెట్టి, పాదముతో నొక్కినప్పుడు ఆయా తంత్రుల బిగువు మారునట్లు ఆయన చేసెను. 1948లో స్పీడీ వెస్ట్ అను విద్వాంసునికి ఇట్టి వాద్యము అందెను. 1953వ సంవత్సరాంతమున బడ్ ఐజక్స్ అనువాడు బిగ్స్‌బీ వాద్యముపై ఒక పాటకు సహకారము వాయించుచు, స్వరము మోగుచుండగనే పాదపీఠము నొక్కెను. రెండు తంత్రులు ఒకదానినొకటి ఒరసికొని పైకి లేచినట్లు వినిపించెను. మరుసటి సంవత్సరము ఆ పాట దేశమంతట వ్యాపింపగా, ఆ వాద్యము వాయించువారెల్లరును తమ వాద్యములకు పాదపీఠములు తగిలించుకొనిరి. చేతిపిడియైననేమి, పాదపీఠమైననేమి, బిగ్స్‌బీ జీవితమంతయు ఒకే ప్రశ్నకు చెప్పిన పెక్కు సమాధానములు: బిగించిన తంత్రిని కదపి, మరల తెచ్చుట యెట్లు?

గిటార్లు చేతిపని వస్తువులుగనే యుండిపోగా, కంపనయంత్రము మాత్రము బజారు సరుకయ్యెను. మూస ఒకటి చేసిన పిదప పోతలు ఎన్నియైనను పోయవచ్చును గదా. మొదట పిడి స్థిరముగ నుండెడిది. తరువాత అవసరము లేనప్పుడు ప్రక్కకు త్రిప్పుటకు వీలుగా మార్చెను. గిబ్సన్, గ్రెట్ష్ మున్నగు పెద్ద కంపెనీలు తమ గిటార్లకు బిగ్స్‌బీ యొద్దనే కొనసాగినవి. చెట్ అట్కిన్స్ వంటి మహావిద్వాంసుడు దానిని చేపట్టుటతో గౌరవము ఇనుమడించెను.

డొల్ల గిటారునకు దీనిని అమర్చుట తేలిక. పాత తోకపలకను తీసి ఆ చోటనే క్రొత్తదానిని తగిలింతురు. ఘనదేహ గిటారునకు అమర్చుట కొంచెము సూక్ష్మమైన పని. దాని పలక చదునుగను, గుఱ్ఱము పొట్టిగను ఉండును. తంత్రులు ఇరుసునుండి నేరుగ గుఱ్ఱమునకు పోయినచో దానిపై తగినంత ఒత్తిడి యుండదు. గట్టిగా మీటినప్పుడు తంత్రి తన గాడినుండి ఎగిరిపడును. అందుచే ఘనదేహమునకు చేసిన రకములో ఇరుసునకు ముందు మరియొక కడ్డీని చేర్చిరి. తంత్రులు దాని క్రిందుగ దూరి గుఱ్ఱముపైకి ఎక్కును. ఒత్తిడి కలిగినది, కాని ఒరపిడియు పెరిగినది. ఒరపిడి పెరిగిన శ్రుతి తిరిగి కుదురుట కష్టమగును. ఒకచోట జమ చేసినది మరియొకచోట ఖర్చు వ్రాయక తప్పదు. నాటినుండి నేటివరకు గిటారు బాగుచేయువారు ఈ రెండింటి నడుమనే తూకము వెదకుచున్నారు.

అమర్చువాడు మొదట మెడ చివరనుండి తోకవరకు నడిమిగీతగా దారము పట్టి చూచుకొనవలెను. మొదటి తంత్రియు, ఆరవ తంత్రియు మెట్లపలక అంచులకు సమదూరమున పోవుచున్నవో లేవో పరీక్షింపవలెను. గీత పావు అంగుళము తప్పినను తరువాత తంత్రి అంచుజారును, మేకు రంధ్రములు మాత్రము దేహమున శాశ్వతముగ నిలుచును. స్థానము కుదిరిన పిమ్మట మరమేకుకంటె సన్నని బరమాతో రంధ్రములు తొలిచి, మేకునకు కొంచెము సబ్బు రాచి బిగించిన కొయ్య పగులదు. పాత తోకపలకకు లోపలనుండి ఒక ఎర్తు తీగ వచ్చియుండును. దానిని క్రొత్త చట్రమునకు తప్పక తగులునట్లు చేయవలయును. మరచినచో స్పీకరులో తుమ్మెదల రొద తప్పదు. తరువాత మెడ చివరి గాళ్ళలోను, గుఱ్ఱముపైనను తంత్రి ఒరసికొనకుండ సన్నని ఆకురాయితో నునుపుచేసి, పెన్సిలు మట్టి పూయుదురు. తంత్రి గాడిలో ఇరికినచో, ఎంత మంచి స్ప్రింగైనను దానిని ఇంటికి తేలేదు. శ్రుతి చెడుటకు యంత్రమును నిందించువారిలో పెక్కుమంది అసలు దోషము ఈ గాళ్ళలోనిదని ఎరుగరు. తంత్రుల పూసను ముల్లునకు తగిలించుట మాత్రము నిజముగనే విసుగు పుట్టించు పని. తంత్రి కొసను ముందే వంచియుంచుకొన్నవాడు సుఖపడును.

లానీ మాక్ అను గిటారు విద్వాంసుని సంగతి ఇచట చెప్పదగియున్నది. అతని యొద్ద 1958 నాటి గిబ్సన్ ఘనదేహ గిటారు కలదు. అది ఎగురు బాణము తోకవలె రెండు రెక్కలుగ చీలియుండును. తోకపలక పెట్టుటకు నడుమ కొయ్యయే లేదు. అయినను బిగ్స్‌బీ యంత్రమును విడువ మనసొప్పక, రెక్కకు రెక్కకు నడుమ అడ్డముగ ఒక లోహపు పట్టీ వేయించి, దానిపై అమర్పించెను. 1963లో అతడు ఆ గిటారుపై వాయించిన కృతి పేరునుండియే ఇట్టి పిడికి అమెరికాలో వామీ పిడియను వాడుక పేరు వచ్చెనని చెప్పుదురు. నీల్ యంగ్ అను గాయకుడు 1953 నాటి ఘనదేహ గిటారునకు బిగ్స్‌బీ యంత్రము గలదానిని ఏండ్ల తరబడి వాయించుచున్నాడు.

1954లో ఫెండర్ తన స్వంత కంపనయంత్రముతో స్ట్రాటోకాస్టర్ అను గిటారును తెచ్చెను. అందు గుఱ్ఱమును, తోకపలకయు ఒకే ముక్క. స్ప్రింగులు దేహమును వెనుకవైపు తొలిచిన గుంటలో దాగియుండును. గుఱ్ఱము తంత్రులతోపాటు కదలును గనుక ఒరపిడి తక్కువ. స్వరము ఎక్కువ దిగును. శాస్త్రరీత్యా అది ముందడుగే. కాని దానికై దేహమును తొలువవలెను. బిగ్స్‌బీ యంత్రమునకు పైనుండి మరమేకులు చాలును. ఉన్న గిటారునకు చేర్చదలచినవారు దీనినే వెదకుటకు కారణమిదియే. ఫెండర్ తన యంత్రమునకు ట్రెమొలో అని పేరు పెట్టెను. ట్రెమొలో యన ధ్వని పెద్దదియు చిన్నదియు అగుట. స్వరము ఎక్కుట దిగుట వైబ్రాటో. పేరు తలక్రిందుగ పడినది. లోకము దానినే పట్టుకొన్నది. బిగ్స్‌బీ తన దానిని సరియైన పేరుతోనే పిలిచెను.

ఆరోగ్యము సన్నగిల్లగా, 1966 ప్రాంతమున బిగ్స్‌బీ తన వ్యాపారమును టెడ్ మెకార్టీకి అమ్మివేసెను. మెకార్టీ గిబ్సన్ కంపెనీకి 1950 నుండి అధ్యక్షుడుగ నుండి అప్పుడే విరమించినవాడు; ఆ కంపెనీ కీర్తికెక్కిన ఘనదేహ గిటార్లు, లానీ మాక్ రెక్కల గిటారుతో సహా, అతని కాలమున వెడలినవే. అంతటివాడు తన పేరుతో క్రొత్త గిటార్లు చేయక, ఈ తోకపలకల వ్యాపారమును ఎంచుకొనుట గమనింపదగినది. మూసలును పనిముట్లును కాలిఫోర్నియానుండి మిషిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణమునకు తరలినవి. ఆ తరువాత కొలది కాలమునకే, 1968వ సంవత్సరము జూన్ 7వ తేదీన పాల్ బిగ్స్‌బీ కాలధర్మము నొందెను.

మెకార్టీ ముప్పదియేండ్లకు పైగా ఆ వ్యాపారమును నడపి, 1999లో గ్రెట్ష్ కుటుంబపు కంపెనీకి అప్పగించెను. 2019లో గ్రెట్ష్‌వారినుండి దానిని ఫెండర్ కంపెనీ కొనెను. ఒకనాడు కొద్ది మైళ్ళ దూరమున ఎదురెదురుగ పనిచేసిన ఇరువురి పేర్లును ఆ విధముగ ఒకే ఖాతాలోనికి వచ్చినవి. అల్యూమినియపు చట్రముపై పోతలోనే తేలియుండు అక్షరములు మాత్రము బిగ్స్‌బీ పేరువే. ట్రావిస్ కొరకు 1948లో చేసిన గిటారును టెన్నెసీ రాష్ట్రమున నాష్‌విల్ నగరములోని జానపద సంగీత ప్రదర్శనశాలయందు భద్రపరచిరి. ఒకే ప్రక్కనున్న దాని ఆరు బిరడలను చూచుటకే దూరదేశములనుండి గిటారు చేయువారు అచటికి పోవుచుందురు.